గీతలను కోసిన అంకెలు

ఏప్రిల్ 9
ఈ వారం షాపుకి వచ్చిన పాత వాచీల్లో ఒక్కటీ అసలుది కాదు. పాత కేసులో కొత్త మిషను. కొత్త డయల్‌కి టీ డికాక్షన్‌తో పూసిన ముసలితనం. ‘పూసిన ముసలితనం’. ఈ మాట నాకు నచ్చింది. కళ్ళు మాత్రం మండుతున్నాయి. రోజంతా అబద్ధాలు వెతికీ వెతికీ, ఇంటికొచ్చాక అమ్మ మాట కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం
మెర్లీన్ అత్తయ్య క్లెమ్ మావయ్య వాచీ తెచ్చింది. వియత్నాం యుద్ధానికి వెళ్ళినప్పుడు సైన్యం ఇచ్చిందట. వెనక ఆయన సర్వీసు నంబరు. అంజాక్ డే నాడు, యుద్ధాలకెళ్ళిన సైనికుల్ని తలుచుకునే ఈ ఇరవై ఐదున, మాజీ సైనికుల క్లబ్బులో అద్దాల బీరువాలో పెడతారట, అసలుదేనని మా షాపు చీటీ ఇస్తేనే. ఆయన పోయి ఏడాదైనా కాలేదు. ఊళ్ళో ఆయన పేరు ఇంకెక్కడా లేదు పిల్లా, అక్కడన్నా ఉండనీ, అంది.
నాకు పని నేర్పే రోలండ్ దాన్ని నా చేతిలోనే పెట్టాడు. మావయ్యదని మెత్తబడకు, భూతద్దానికి చుట్టాలుండరు, అన్నాడు.

ఏప్రిల్ 13
ముందు నంబరు చెక్కి తర్వాత వాచీ వాడితే, వాడకంలో పడే గీతలు అంకెల మీదుగా పోవాలి. ఇక్కడ అంకెలే గీతల్ని కోసుకుంటూ పోయాయి. వాచీ బాగా అరిగాక ఎవరో నంబరు చెక్కారు.

ఏప్రిల్ 14
అత్తయ్యకి చెప్పలేదు.

ఏప్రిల్ 17
చెప్పాను. మావయ్యకి ఎవరో దొంగ వాచీ అంటగట్టారు అత్తయ్యా, అన్నాను.
నవ్వింది. మీ మావయ్యకి అంటగట్టేవాడు ఇంకా పుట్టలేదే, అంది. ఆ నంబరు ఆయనే చెక్కాడట, వంటింటి బల్ల మీద. సైన్యం ఇచ్చిన వాచీ మర్రే నదిలో పోయిందట. పడిపోయిందో పారేశాడో నేనడగలేదు, అంది. ఏటా అంజాక్ డే నాడు తోటివాళ్ళు తమ వాచీలు చూపించుకుంటుంటే ఈయన చొక్కా చెయ్యి కిందికి లాక్కునేవాడట. చివరికి అలాంటిదే ఇంకోటి ఎక్కడో సంపాదించాడు. నేనే టార్చి పట్టుకున్నా, వెలుగు కదిలిందని నన్ను తిట్టిపోశాడు ముసలోడు, అంది.
తెలిసీ ఎందుకు తెచ్చావు అన్నాను.
నువ్వు పట్టుకోలేవనుకున్నా. పని బాగానే నేర్చుకుంటున్నావన్నమాట, అంది.
అబద్ధం రాయమని అడగలేదు. అడిగుంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని.

ఏప్రిల్ 20
నకిలీ అని రాసి పంపెయ్, అన్నాడు రోలండ్. నకిలీ అంటే మోసం చెయ్యడానికి చేసింది కదా, ఇది ఎవర్ని మోసం చేసింది, అన్నాను. తోటి సైనికుల్ని, అన్నాడు.
‘వాచీ ఆ కాలానిదే. నంబరు తర్వాత చెక్కినది.’ చీటీలో ఇంతే రాశాను. ఈ రెండు ముక్కలకి పొద్దంతా పట్టింది.

ఏప్రిల్ 22
క్లబ్బు వాళ్ళు వద్దన్నారు.

ఏప్రిల్ 25
తెల్లవారుజామున వాన. నివాళి అయ్యాక క్లబ్బు వంటింట్లో అత్తయ్య టీ కప్పులు కడుగుతోంది. చేతికి ఆ వాచీ. నీళ్ళు దూరతాయి, తియ్యి అత్తయ్యా, అన్నాను.
దూరనీ, అంది.