మార్జొరీ అవ్వ వేయని బొమ్మ

నిఖిలా,

నేను కులాసా, జ్వరం లేదు. ఈ కరోనా తగ్గి విమానాలు మళ్లీ నడిచేదాకా ఆస్ట్రేలియా ఎడారిలోని ఈ ఆదివాసుల చిత్రకళా కేంద్రంలోనే కాన్వాసులు బిగిస్తూ ఉంటాను.

ఐర్లండ్‌లో, మీ ములింగార్‌లో ప్రసాద్ అంకుల్ కొనబోతున్న బొమ్మ ఫోటో ఉత్తరంలో పంపావు కదా, దాన్ని ఇక్కడ బొమ్మలు వేసే మార్జొరీ అవ్వకు చూపించాను. బొమ్మ కింద సంతకంగా ఉన్నది ఆవిడ పేరే.

"ఇది మా వదిన వాళ్ల నీటిగుంట కథ. వేసే హక్కు నాకు లేదయ్యా. నా పేరు ఎవడు పెట్టాడు?" అంది. ఇక్కడ ఎవరి నేల కథ వాళ్లే వేయాలి.

అమ్మేవాడి మీద నాకు అనుమానం. ఈ కేంద్రంలో ప్రతి బొమ్మనూ వేస్తుండగానే ఫోటో తీస్తారు. అలాంటి ఫోటో ఉంటే చూపించమని వాడిని అడుగు. అందాకా అంకుల్‌ని కొననివ్వకు.

ఇల్లు వేడిచేసే బాయిలర్ బాగుచేయించావా? పాప ధరణి దగ్గుకి జీపీ డాక్టరు ఏమన్నారు? దానికి నా ముద్దులు.

మార్జొరీ వదిన కూడా నువ్వు పంపిన ఫోటో చూసింది. రోజూ మార్జొరీ పక్కనే కూర్చుని బొమ్మలు వేసే మనిషి ఇవాళ రాలేదు; తన కథను మార్జొరీయే వేసి అమ్ముకుందనుకున్నట్టుంది. అమ్మేవాడి జవాబు వెంటనే రాయి, ఆ వదినకు చూపించాలి.

రఘువీర్