గసగసాలు వేయని కూర

బిట్రగుంట,
12 సెప్టెంబరు 2025.

తమ్ముడు లాజరస్‌కు,

అక్క దీవెనలు. దీవెనల వెనకాల రెండు మొట్టికాయలు కూడా ఉన్నాయి. అవి ఉత్తరం మధ్యలో వస్తాయి, తల కాచుకో.

విజయవాడ క్యాంపులో మీకు ఫోను వారానికి పది నిమిషాలే ఇస్తారు. ఆ పది నిమిషాల్లో నువ్వు "బాగుండా అక్కా, తిన్నా అక్కా" అంటావు, నేను "సరే నాయనా" అంటాను, పెట్టేస్తాం. అందుకే కాగితం తీసుకున్నాను. ఈ వారం జాకెట్ల పని కూడా తక్కువే. మీ ఫ్రెడ్డీ బావ లోకో షెడ్డులో రిటైరైన దగ్గర్నుంచి పెరట్లో కోళ్లతో మాట్లాడుకుంటున్నాడు. వాటికి మాత్రం విసుగు లేదు.

నువ్వు మళ్లీ రింగులోకి దిగుతున్నావన్న సంగతి నీ నోటినుంచి కాదు, నా గ్రూపులోంచి విన్నాను. కుట్టుమిషను పక్కన దారాల డబ్బాకు ఫోను ఆనించి బాక్సింగు, కుస్తీ పోటీలు చూడటం, చూసినదాని మీద నోటికొచ్చినంతా రికార్డు చేసి గ్రూపులో పెట్టడం నా పిచ్చి అని నీకు తెలుసు. ఇప్పుడు మూడు వందల నలభై మంది వింటున్నారు. వాళ్లలో ఒకాయన, "ఎలిశబెతక్కా, మీ తమ్ముడు ముప్పై ఏడేళ్లకి తిరిగొస్తుండాడంట గదా, దాని మీద చెప్పండి" అని అడిగాడు. ఏం చెప్పను? చప్పట్లు కొట్టే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. నేను నోరు మూసుకున్న పోటీ ఇప్పటికి అదొక్కటే. ముందు నాకు చెప్పలేదని కష్టమేసింది.

తిరిగొచ్చేవాళ్ల గురించి నా అభిప్రాయం నీకు కొత్త కాదు. ఆ మధ్య పైదేశంలో ఒక పాత చాంపియను నలభై మూడేళ్లకు మళ్లీ దిగితే జనం ఏడ్చారు, పాట పెట్టారు, పొగ వదిలారు. నేను ఆయన కాళ్లు చూశాను. చేతులు ఎంతైనా బొంకుతాయి, కాళ్లు బొంకవు. వెనక్కి వేసే అడుగు ఆలస్యంగా పడుతోంది. నాలుగో రౌండులో పడతాడన్నాను, పాపం మూడులోనే పడ్డాడు. ఈస్టరుకు నువ్వొచ్చినప్పుడు నీ కాళ్లు కూడా చూశాను. స్టేషను వంతెన దిగుతూ ఆఖరి మెట్టు ఉందో లేదో పాదంతో తడుముకున్నావు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ వంతెన మీద పరిగెత్తినవాడివి. ఆ మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపటికి "అన్నం పెట్టవా అక్కా" అన్నావు. బావ నవ్వాడు. నువ్వు కూడా తమాషాకి అన్నట్టు నవ్వేశావు. నాకు నవ్వు రాలేదు.

మూడేళ్ల కిందట గుంటూరులో ఆ దెబ్బ తగిలి నువ్వు పడినప్పుడు రిఫరీ పదితో లెక్క ఆపేశాడు. నేను ఆపలేదు. నలభై దగ్గర నువ్వు కళ్లు తెరిచావు. సమాధిలోంచి ప్రభువు లేపినవాడి పేరని నాన్న నీకు లాజరస్ అని పెట్టినంత మాత్రాన పడిన ప్రతిసారీ ఎవరో వచ్చి లేపుతారని లేదు నాయనా. ఇదిగో, మొట్టికాయలు అయిపోయాయి.

వద్దంటే వినవు గనక వద్దనను. డిసెంబరు పోటీకి ముందు ఈ నెల 27న క్యాంపులో సెలక్షను ఉందని, ఆరోజే మూత్రం పరీక్షకు సీసా కూడా పట్టిస్తారని కోచ్ గారు చెప్పారు. ఎప్పటిలాగే ముందురోజు కోడికూర పంపుతాను. రైల్లో టీ అమ్మే మన చిన్నపోలయ్య తెచ్చి ఇస్తాడు. తొమ్మిదేళ్ల కిందట నువ్వు మా వంటింటి గోడకు అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. దగ్గు మందు వద్దు, నాటు మందు వద్దు, గసగసాలు వద్దు. గసగసాలు తింటే మూత్రంలో నల్లమందు జాడ కనబడుతుందని నువ్వు చెప్పినప్పుడు, "అయితే మనమ్మ మనల్ని నల్లమందు పెట్టి పెంచింది" అని నేను నవ్వాను. అప్పట్నుంచి నీ కూరకు మాత్రం జీడిపప్పు నూరి వేస్తున్నాను. రుచి సగం చస్తుంది. అయినా నువ్వు గిన్నె తుడిచినట్టు పంపుతావు.

ఒళ్లు జాగ్రత్త.

నీ అక్క,
ఎలిశబెతు


బిట్రగుంట,
5 అక్టోబరు 2025, ఆదివారం.

అబ్బయ్యా,

ఈసారి మొట్టికాయలు లేవు. చదివాక నువ్వే నాకు వేస్తావు.

ఈరోజు మన చర్చిలో ప్రభువు బల్ల. ప్రభువు శరీరమని పంచే రొట్టె ముక్కల పళ్లెం బెంచీ వెంబడి వస్తోంది. తోబుట్టువుతో తగువేమైనా ఉంటే ముందు దాన్ని సరిచేసుకుని బల్లకు రమ్మని పాస్టరు గారు నెలనెలా చెప్పేదే ఈరోజూ చెప్పారు. నెలనెలా ఆ మాట వింటూ నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉంటాను. ఈరోజు పళ్లెం నా దగ్గరికి రాగానే తీసుకోకుండా పక్కకు జరిపాను. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు. పక్కనున్న రెబెక్కమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఏందే, ఒంట్లో బాగలేదా?" అంది.

"బాగలేదక్కా" అన్నాను. ఒంట్లో బాగానే ఉంది.

నీకు పంపిన కూరలో గసగసాలు వేశాను. మరిచిపోయి కాదు. వేడినీళ్లలో నానబెట్టి, కొబ్బరితో కలిపి, మామూలుగా వేసేదానికి నాలుగింతలు రుబ్బి వేశాను. రుబ్బేటప్పుడు నీ కాగితం ఉన్న గోడకు వీపు పెట్టి నిలబడ్డాను. పరీక్షలో దొరికితే డిసెంబరు పోటీ ఉండదు, పోటీ లేకపోతే నీ తలకాయ నీకు మిగులుతుంది. పరువుదేముంది, తలకాయంటూ ఉంటే కదా పరువు అనుకున్నాను. మర్నాడు చిన్నపోలయ్య వచ్చి, "కూర అందిందని చెప్పమన్నాడక్కా, గిన్నె మళ్లా పంపిస్తానన్నాడు" అంటే నాకు ఎంత నెమ్మది కలిగిందో చెప్పలేను. ఆ వారం పది జాకెట్లు కుట్టాను. బావ కోళ్ల మీద కూడా విసుక్కోలేదు.

పోయినేడు ఒక కుస్తీ కుర్రాడు మందుల పరీక్షలో దొరికిపోయి, అమ్మ చేసిన సున్నుండలు తిన్నానని, ఇంకేమీ ఎరగనని ఏడ్చాడు, గుర్తుందా? వాడిమీద నేను గ్రూపులో పది నిమిషాలు మాట్లాడాను. దొరికిన ప్రతివాడికీ ఒక అమ్మ, ఒక సున్నుండ ఉంటాయన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. గురువారం నాడు ఎవరో దాన్ని తవ్వి తీసి మళ్లీ పెట్టారు. నేను ఒక పావడాకు అంచు కుడుతూ విన్నాను. ఎంత వెటకారంగా మాట్లాడానో. రేపు నువ్వు "మా అక్క పంపిన కూర" అంటే నవ్వేది నాలాంటివాళ్లే. పది నిమిషాలు కాదు, గంటసేపు నవ్వుతారు. అంచు వంకరగా పోయింది. మిషను ఆపేశాను.

తొమ్మిదేళ్లలో నువ్వు పదకొండు సార్లు సీసా పట్టి ఇచ్చావు. పదకొండు సార్లూ శుభ్రంగా వచ్చింది. ఓడిపోయిన రోజుల్లో కూడా నువ్వు చెప్పుకునే మాట అదొక్కటే. దాన్నే నేను తీసేశాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను గాని, నీకు తెలియకుండా నీ అన్నంలో కలపడాన్ని కాపాడటం అంటారా? తప్పు చేశాను లాజరస్. నన్ను క్షమించు.

కోచ్ గారికి విడిగా రాసిన కాగితం ఇందులోనే పెట్టాను. నా పేరు, ఊరు, ఎన్ని గసగసాలు వేసిందీ, ఎందుకు వేసిందీ అంతా రాసి సంతకం పెట్టాను. పరీక్ష ఫలితం రాకముందే ఆయనకు ఇవ్వు. ఎవరొచ్చి అడిగినా నేను చెప్తాను. గ్రూపులో కూడా నా గొంతుతోనే చెప్తాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు.

ఇక డిసెంబరులో బాగా ఆడు అని మాత్రం రాయలేను. ఒక తప్పు ఒప్పుకుంటూ ఇంకో అబద్ధం ఎలా రాయను? నువ్వు దిగితే నేను చూడను. ఇంకోసారి నలభై దాకా లెక్కపెట్టడం నావల్ల కాదు.

నీ అక్కననిపించుకునే అర్హత ఉంటే, నీ అక్క,
ఎలిశబెతు


విజయవాడ,
10 అక్టోబరు 2025.

అక్కకు,

నీలాగా రాయడం నాకు రాదు. వరస తప్పితే సర్దుకో.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. క్యాంటీన్లో ఇడ్లీ పక్కన పెట్టుకుని చదివాను, ఇడ్లీ అలాగే ఉండిపోయింది. కోపం వచ్చింది. చాలా వచ్చింది. లేదని రాస్తే నువ్వే నమ్మవు.

కాని అక్కా, ఆ కూర నేను తినలేదు.

మూత తీయగానే తెలిసింది. తొమ్మిదేళ్లుగా జీడిపప్పు కూర తింటున్నవాడికి ఆ వాసన తెలియదా? అమ్మ వంటిల్లు మొత్తం ఒక్కసారిగా గదిలోకి వచ్చినట్టయింది. మరిచిపోయి వేశావేమో అనుకున్నాను. గరిటె పెట్టి తిప్పితే ఇంత చిక్కగా ఉంది. మరిచిపోయినవాళ్లు అంత వేయరు. అప్పుడు నాకు నువ్వెంత భయపడుతున్నావో అర్థమైంది.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. ఒక ముక్క తీసి నోటిదాకా తెచ్చాను. తింటే చాలు, ఇక కొట్టించుకోనక్కర్లేదు అనిపించింది. ఫిబ్రవరి నుంచి నాకు తలనొప్పులు వస్తున్నాయి. బ్యాగు ఎక్కడ పెట్టానో తెలియదు, ఎదుటివాడి పేరు నాలుక మీదికి రాదు. ఈస్టరుకు అన్నం అడిగింది తమాషాకి కాదు, నిజంగానే తిన్నట్టు గుర్తులేదు. నువ్వు చూస్తున్నావని తెలిసే నవ్వాను. దిగుతున్న సంగతి నీకు చెప్పకపోవడం కూడా అందుకే. నువ్వు నా మొహం చూసి ఒక్క ప్రశ్న అడిగితే అంతా చెప్పేస్తానని భయం. పోస్టర్లు వేశారు, బావ పనిచేసిన షెడ్డులో వాళ్లందరూ టికెట్లు కొంటామన్నారు. ఇప్పుడు వెళ్లి నాకు భయంగా ఉంది అని ఎవరికి చెప్పను? అంతకన్నా మందు తిని దొరికాడని అనిపించుకోవడమే సులువనిపించింది. ఆ ఆలోచన రాగానే నామీద నాకే అసహ్యమేసింది. ముక్క గిన్నెలో వేసి, చెయ్యి కడుక్కుని, నేరుగా క్యాంపు డాక్టరు వాణి గారి గదికి వెళ్లాను.

ఆమె నన్ను వంద నుంచి ఏడు ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. ఎనభై ఆరు దగ్గర ఆగిపోయాను.

"ఎన్నాళ్లనుంచి దాస్తుండావయ్యా?" అంది.

సెలక్షనుకు నేను దిగనేలేదు. ఆమె దిగనివ్వలేదు. సీసా కూడా పట్టలేదు. పదకొండు పదకొండుగానే ఉన్నాయి, నువ్వేమీ తీసేయలేదు. తలకు స్కానింగు తీయించారు. రిపోర్టు మొన్న బుధవారం వచ్చింది. లోపల రక్తం లేదు, గడ్డ లేదు. విశ్రాంతి తీసుకుంటే తలనొప్పులు తగ్గుతాయట. ఉద్యోగం చేసుకోవచ్చు, నిక్షేపంగా బతకొచ్చు, తలమీద ఇంకొక దెబ్బ మాత్రం తగలకూడదట. ఇకమీదట పోటీలు వద్దని రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం చూసి నేను ఏడ్చేశాను. బాధతో ఏడుస్తున్నాననుకుని కోచ్ గారు భుజం మీద చెయ్యి వేసి అరగంట ఓదార్చారు. ఆయన ఓదార్పు పాడుచేయడం ఇష్టంలేక ఊరుకున్నాను. సంతోషమక్కా. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఒళ్లంతా తేలికైంది.

నీకు వెంటనే చెప్పకపోవడం నా తప్పే. రిపోర్టు ఎలా వస్తుందో అని, అది చేతికొచ్చాకే చెబుదామనుకున్నాను. ఈలోపు నువ్వు పళ్లెం పక్కకు జరుపుతావని నాకేం తెలుసు.

కూర హాస్టలు వాచ్‌మన్ హజరత్తయ్యకు ఇచ్చాను. ఇచ్చేముందు, "మీకేమన్నా పరీక్షలుండాయా?" అని అడిగాను. "నాకేం పరీక్ష నాయనా, ఇంటికాడ నా పెళ్లాం పెట్టేదే పరీక్ష" అన్నాడు. తిన్నాక మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే నిద్రపోయాడు. గసగసాల వల్ల కాదులే, నువ్వు పంపింది నలుగురికి సరిపోయే కూర. రోజూ నన్ను చూడగానే, "మీ యక్క మళ్లా ఎప్పుడు పంపిస్తుంది?" అంటున్నాడు. గిన్నె తోమి ఇచ్చాడు, నేనే తెస్తాను.

నీమీద కోపం సగం పోయింది. మిగతా సగం ఇంటికొచ్చి నిన్ను తిట్టి పోగొట్టుకుంటాను, బావని పక్కన ఉండమను. కోచ్ గారికి రాసిన కాగితం ఇవ్వలేదు, నా బైబిల్లో పెట్టుకున్నాను. గ్రూపులో నీ తప్పు చెప్పక్కర్లేదు, అది మన ఇంటి సంగతి. కాని ఆ సున్నుండల కుర్రాడికి మాత్రం క్షమాపణ చెప్పు. వాడు అబద్ధమే చెప్పాడేమో, నిజమే చెప్పాడేమో, మనకు తెలియదు కదా.

నెలాఖరుకి బిట్రగుంట వచ్చేస్తున్నాను. రైల్వే ఇన్‌స్టిట్యూటు హాల్లో సాయంత్రాలు బాక్సింగు నేర్పించమని కోచ్ గారు అడిగారు, సరేనన్నాను. తలకు దెబ్బ తగిలినవాణ్ని ఎలా ఉందో అడక్కుండా నేను ఇంటికి పంపను. డిసెంబరు పోటీలో నా బదులు వేరొకతను దిగుతున్నాడు. నీ మిషను పక్కన నాకూ ఒక స్టూలు వెయ్యి. నువ్వు వాళ్ల కాళ్లు చూసి చెప్పు, నేను చేతులు చూసి చెప్తాను.

నవంబరు రెండున మళ్లీ బల్ల ఆదివారం. ముందు బెంచీలో నాకు చోటు ఉంచు. పళ్లెం నా చేతికొచ్చాక నేనే నీకు ఇస్తాను, పక్కకు జరపకుండా తీసుకో. చర్చి నుంచి వచ్చాక కోడికూర తిందాం. గోడమీది ఆ కాగితం తీసి పొయ్యిలో పడెయ్యి. ఇక నన్ను పరీక్ష చేసేవాళ్లెవరూ లేరు. గసగసాలు నిండా వెయ్యక్కా.

నీ తమ్ముడు,
లాజరస్