కప్పు తీసిన చెయ్యి

ఖైతాన్, కువైట్, 2013 నవంబర్, బుధవారం

ఒళ్లంతా కంపరంగా ఉంది. కంపెనీ వేయించిన ఫ్లూ టీకాతో ఎడమ భుజం పట్టేసిన నా రూమ్మేట్ షంషాద్‌కి పరిహారం అడగడానికి ఇవాళ మిర్కాబ్‌లోని కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. టీకా వేసిన రోజు మగవాళ్ల ముందు చొక్కా చెయ్యి పైకి మడవడానికి తను సిగ్గుపడి, మెడ దగ్గర బట్ట జరిపింది. సూది మరీ పైన, భుజం కీల్లోకి దిగింది. నేను నర్సుని, నాకు తెలుసు.

"రోజూ ఊడ్చే చెయ్యి నొప్పెట్టదా? సూదే కారణమని రుజువేది?" అన్నాడు మేనేజరు, మన హైదరాబాదాయనే.

"సూదేసిన రాత్రినుంచే సార్, జడ గూడా అల్లుకోలేకున్నా," అంది షంషాద్.

ఆయన టీ ముగించాడు. క్లీనరు కదా, అలవాటుగా షంషాద్ ఖాళీ కప్పు తీసింది.

"చెయ్యి బాగానే ఉందిగా! ఖలాస్."

"అది కుడిచెయ్యి సార్," అన్నాను.

"ఏదైతేనేం, పనాగలేదుగా," అని నవ్వాడు, ఛీ.

అప్పటికే షంషాద్ ఆ కప్పు కడుగుతోంది.