మన్యానా అంటే ఏ పొద్దు?

రాప్తాడు, 1964 మార్చి, మంగళవారం.

నేనూ ఒక దుబాసీనే! స్పెయిన్ నుంచి వచ్చిన కంటి డాక్టరమ్మ తెల్లవారుజామున పంపిన చీటీలో "ఎస్తా మన్యానా" అని ఉంది. మన్యానా అంటే రేపు అని ఆమె నేర్పిందే కదా అని, గొర్రెలు కాసే నాగమ్మను ఆపరేషన్‌కు రేపు రమ్మన్నాను. ఆ మాటకే పొద్దున అనే అర్థం కూడా ఉందట, ఎస్తా అంటే 'ఈ' అట. ఆమె తమ దేశానికి వెళ్లిపోతోందని తెలిసి మధ్యాహ్నం గుత్తికి పరుగెత్తితే, "ఈ పొద్దునే రమ్మన్నాను కదా" అని రైలెక్కుతూ డాక్టరమ్మ చెప్పింది. ఒకే మాటకు ఇన్ని అర్థాలు దేనికో.

సాయంత్రం నాగమ్మకు చెప్పక తప్పలేదు.

"తెల్లారి అంటే మనమూ రెండు రకాలుగా అంటాం గదప్పా. ఇంకొక తూరి అడిగింటే నీకేం పోయేది?" అంది.

డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడొస్తుందని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణి...