పొద్దున్నే విప్పిన కుట్లు

మా ఇంటి నర్సమ్మకి,

ఇక్కడ నేనూ అమ్మాయీ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నాం. నువ్వూ ఆ హాస్టల్ గదిలో వేళకి తింటూ, కాస్త నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను. అంతకుమించి క్షేమం అని మాత్రం రాయలేకపోతున్నాను. ఫోన్‌లో నీ గొంతు వినగానే నా నోటికి "అంతా బాగానే ఉంది" తప్ప ఇంకో మాట రాదు. అందుకే ఈ కాగితం.

ముందు నువ్వడిగినవి. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వంటింటి కుళాయి కారడం ఆగింది, ప్లంబర్ నాలుగుసార్లు తిప్పించుకుని ఐదోసారి వచ్చాడు. ఇక మూడో ప్రశ్న: "అమ్మాయి ఇంకా హుషారుగానే ఉందా?" ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

సోమవారం నుంచి అది కుట్టుమిషన్ ముట్టుకోలేదు. నాతో మాట్లాడలేదు. ఈరోజు గురువారం. శనివారం పొద్దుటికి స్కూల్లో పాటల బృందానికి పన్నెండు చొక్కాలు ఇవ్వాలి. అది తనంతట తాను టీచర్‌ని అడిగి తెచ్చుకున్న పని అని నీకు తెలుసు. ఇవాళ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, గోడకి చెప్పినట్టు చెప్పింది: "రేపు గుడ్డంతా టీచర్‌కి తిరిగిచ్చేస్తా. నాకు కుట్టడం రాదని చెప్పేస్తా." పదిహేనేళ్ళ పిల్ల, మళ్ళీ ఆ పాత వంగిన భుజాలతో వీధిలోకి వెళ్ళింది.

నువ్వు నర్సు ట్రైనింగ్‌కి వెళ్ళేముందు నన్ను కూర్చోబెట్టి క్లాసు పీకావు, గుర్తుందా? "మొద్దు, వంకర చేతులదానా అని పొద్దస్తమానం తిడితే, ఎందుకూ పనికిరానని అది నిజంగానే నమ్మేస్తుంది. ఒక్క మంచి మాట అనండి, మీ సొమ్మేం పోదు," అన్నావు. మా నాన్న నాకు గజంబద్దతో వేళ్ళ మీద కొట్టి పని నేర్పాడు. నేను కొట్టకుండా తిట్టి నేర్పుతున్నాను కదా, అదే గొప్ప అనుకునేవాణ్ణి. అయినా నీ మాట విన్నాను. ఏం కుట్టినా "బ్రహ్మాండం" అన్నాను. మొదట్లో ఆ మాట గొంతులో అడ్డంపడేది, తర్వాత అలవాటైపోయింది. పిల్ల చూస్తుండగానే మారింది. మన టైలర్ షాపుకొచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడేది, కొలతలు తనే తీసేది. నీకు ఫోన్‌లో నేను గొప్పలు పోయింది అప్పుడే.

నీకు చెప్పనిది ఒకటుంది. రోజూ ఐదింటికి, అది లేవకముందే షాపు తలుపు తీసి, ముందురోజు సాయంత్రం అది కుట్టిందంతా బ్లేడుతో విప్పి నేనే మళ్ళీ కుట్టాను. తొమ్మిది చొక్కాలు. నోటితో మెచ్చుకోవడం, చేత్తో విప్పడం. చొక్కా చెడిపోతే నలుగురిలో దానికి తలవంపులని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా షాపు పరువు పోతుందన్న భయం కూడా ఉంది, అదీ రాసేస్తున్నాను.

సోమవారం టీచర్, కొలత చూడమని మేం పంపిన ఒక చొక్కా ఎవరికో తొడిగించి చూసి, చంకలో బిగుతుగా ఉందని వెనక్కి పంపింది. కత్తిరించింది నేనే, ఆ తప్పు కూడా నాదే. వదులు చేద్దామని అమ్మాయి దాన్ని తిరగేసింది. కుట్టు చివర అది రెండు దారాలూ చేత్తో ముడి వేస్తుంది. నేను ముప్పై ఏళ్ళుగా మిషన్‌ని వెనక్కి నడిపి బిగిస్తాను. దొంగపని చేస్తూ కూడా ఆ అలవాటు మార్చుకోవాలని తట్టలేదు చూడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటే ఇదే. ముడి కోసం వెతికింది. లేదు. ఇంకో చొక్కా తిరగేసింది. ఇంకోటి. అన్నీ బల్ల మీద పరిచి, "ఇదీ నువ్వే. ఇదీ నువ్వే," అంటూ చివరిదాకా వెళ్ళింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"తిట్టినప్పుడే నయం నాన్నా. అప్పుడు వంకరో టింకరో, నా కుట్టు నాకు ఉండేది."

ఆ తర్వాత ఇంక మాటల్లేవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నీ మందులో తప్పు లేదు, వేసినవాడిదే తప్పు.

ఇక్కడిదాకా రాసేసరికి అది స్కూలు నుంచి వచ్చింది. కలం పక్కన పెట్టాను. మిగతాది సాయంత్రం ఏడింటికి రాస్తున్నాను.

బ్యాగు దించకుండానే వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఒక్కటడుగుతా. నిజం చెప్తావా?"

"చెప్తాను."

"ఆ తొమ్మిదింట్లో ఒక్కటైనా బాగుందా?"

బాగుందనేస్తే పోలా అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాకు తెలిస్తేగా! మొదటి రెండూ నిజంగానే వంకర. తర్వాతవి నేను చూడనేలేదు. అది కుట్టింది కాబట్టి తప్పే ఉంటుందనుకుని, లైటు వేయడం, బ్లేడు తీయడం, అంతే. నీకు రాయడానికి అన్నిటికన్నా సిగ్గుపడుతున్నది ఇందుకే. కన్నకూతురి పనిని నేను ఒక్కసారి కన్నెత్తి చూడలేదు.

"తెలీదమ్మా," అన్నాను. "చూడకుండానే విప్పాను."

బ్యాగు దించి బల్ల మీద పెట్టింది. "అయితే నాకు కుట్టడం వచ్చో రాదో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

మిగిలిన మూడు చొక్కాలు కత్తిరించి పెట్టి ఉన్నాయి. అందులో ఒకటి తీసుకుని మిషన్ ముందు కూర్చుంది. "అక్కడ కూర్చో. నోరు తెరవకు. చెయ్యి పెట్టకు. చూడు."

రెండు గంటలు చూశాను. కాలర్ ఒక పక్కకి లాగేస్తుంటే నా చేతులు వాటంతటవే లేచాయి. తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. చొక్కాకి చేతులు అతికించేటప్పుడు, గుండ్రంగా తిరిగే చోట, గుడ్డని లాగకుండా వేళ్ళతో మెల్లగా లోపలికి తోసింది. అది నేను నేర్పలేదు. ఎప్పుడో నన్ను చూసి నేర్చుకుందన్నమాట.

చొక్కా తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇప్పుడు చెప్పు."

తిరగేసి, లైటు కిందికి తీసుకెళ్ళి చూశాను. "కాలర్ ఎడమ పక్క పావంగుళం జారింది. విప్పాల్సిందే. చేతులు రెండూ బాగున్నాయి."

"నిజంగానా?"

"నిజం."

కాలర్ సంగతి వెంటనే నమ్మింది. బ్లేడు తీసుకుని తనే విప్పడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అంది: "రేపు టీచర్ దగ్గరికి వెళ్తా. తొమ్మిది మా నాన్న కుట్టాడు, మూడు నేను కుట్టానని చెప్తా. ఇష్టమైతే తీసుకుంటుంది, లేకపోతే లేదు."

"నేనూ వస్తానమ్మా."

"అక్కర్లేదు."

ఇప్పుడు పక్కన మిషన్ నడుస్తోంది. చేతులు బాగున్నాయన్న మాట నమ్మిందో లేదో తెలియదు. నిజంగానే బాగున్నాయే, నీ మీద ఒట్టు. కానీ ఇలాంటి మాటే దానికి నెల్లాళ్ళుగా రోజూ చెబుతూ వచ్చాను కదా. ఇప్పుడు ఏం ముఖం పెట్టుకుని నమ్మమంటాను?

ఇట్లు,
నీ దగ్గర దాచలేకపోయిన,
మన అమ్మాయి నాన్న