లాగౌట్ చెయ్యని వెండెల్ గారికి

డులూత్, మంగళవారం

వెండెల్ గారూ,

గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని చేపలు పడుతూ మీరు ఫోనెత్తరు కనక, ఈ చీటీ మన లైబ్రేరియన్ సోల్వెగ్ చేత పంపుతున్నాను.

మీ తర్వాత నా చేతికొచ్చిన లైబ్రరీ లినక్స్ సర్వర్‌ను నిన్న అప్‌గ్రేడ్ చేశాక, అది నాతో సహా ఎవరి పాస్‌వర్డునూ ఒప్పుకోలేదు. "కొత్త లాగిన్ పనిచేస్తోందో లేదో చూసుకునేదాకా లాగినై ఉన్న పాత విండో మూసి చావకు" అని మీరు నెత్తీనోరూ కొట్టుకునేవారు. మూసి చచ్చాను.

బేస్‌మెంట్‌లో ఒక్క స్క్రీన్ బతికుంది. రిటైరైన రోజు మీరు లాగౌట్ చెయ్యకుండా వదిలేసి పోయిందే. దాని గురించి పైవాళ్ళకు ఫిర్యాదు కూడా రాసిపెట్టుకున్నాను. తీరా చూస్తే, అందులో మీరు టైపు చేసి ఉంచిన ముక్క: "మూసేశావు కదూ, గాడిదా?"

దాన్లోంచే అంతా బాగుచేశాను. ఫిర్యాదు చించేశాను. ఆ సంబరంలో దాన్నీ మూసేశాను.

ఒకసారి వచ్చి, లాగిన్ అయి, మళ్ళీ మరిచిపోయినట్టు వెళ్ళిపోండి.

మీ గాడిద