హీరో పరీక్షకు వెళ్లిన సినిమా

ఎమ్మిగనూరు,
12-11-2025, బుధవారం.

చిరంజీవి తమ్ముడు విక్రమ్‌కు అక్క ప్రమీల ఆశీస్సులు.

ఇక్కడ మీ బావా, నేనూ, మా అమ్మాయి చంద్రికా బాగున్నాం. వరి కోతకు వచ్చింది, మిషన్ కోసం ఎదురుచూస్తున్నాం. తారానగర్‌లో నువ్వూ నీ టిప్పర్లూ బాగున్నారనుకుంటాను. మనోజ్ఞ బాగుందా అని మాత్రం అడగలేకపోతున్నాను. 21వ తేదీ శుక్రవారం అమ్మ నీకోసం ఇంకో పిల్లను చూడటానికి దేశనూరు వెళ్తోందనీ, విడాకుల కాగితం మీద మనోజ్ఞ చేత సంతకం పెట్టించబోతున్నారనీ యంకమ్మ అత్త చెప్పింది. ఫోన్లో ఈ మాట ఎత్తితే నువ్వు పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆదివారం మీ బావా నేనూ బళ్లారికి వెళ్లి ఒక సినిమా చూశాం. చూసిన ప్రతి సినిమా గురించీ నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోవడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటని నీకు తెలుసు కదా. ఇంటికి వచ్చాక ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. పిల్లలు లేని జంట కథలు పదమూడు దొరికాయి. అన్నిట్లోనూ తెల్లకోటు డాక్టరు భార్య నాడి చూసి తల అడ్డంగా ఊపుతాడు, భర్త కిటికీ వైపు తిరిగి నిలబడతాడు. ఆ తర్వాత ఆమె గుడి మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతుంది, లేకపోతే తానే దగ్గరుండి మొగుడికి రెండో పెళ్లి చేస్తుంది. ఎవరైనా బిడ్డను తెచ్చి పెంచుకుంటే, ఆఖర్లో కన్నతల్లి వచ్చి తీసుకుపోతుంది. భర్త పరీక్షకు వెళ్లిన సినిమా ఒక్కటీ లేదు. అది లేదన్న సంగతి రాసి పెట్టాలని కూడా ఇన్నేళ్లూ నాకు తోచలేదు చూడు!

ఆదివారం చూసిన సినిమాలో వెళ్లాడు.

ఎవరనుకున్నావు? ఇంటర్వెల్‌కు ముందే నలభై మందిని గాల్లోకి లేపిన హీరో. ఆ మనిషి ఎగ్గట్టిన లుంగీ కిందికి వదిలి, ల్యాబు కౌంటర్ ముందు నిలబడి, పేరు చెప్పి, శాంపిల్ డబ్బీ తీసుకున్నాడు. వెనక సంగీతం లేదు. హాల్లో ఈలలు. "ఏం గురూ, ఆడ కూడా ఫైటింగేనా?" అని వెనక వరసలో ఎవడో అరిస్తే అందరూ పగలబడి నవ్వారు. తర్వాత అతను రిపోర్టు పట్టుకుని ఇంటికి వచ్చాడు. రొట్టెలు కాలుస్తున్న భార్య పక్కన నేల మీద కూర్చుని, లోపం తనలోనే ఉందని చెప్పాడు. అంతే విక్రమ్. అంత నిండు హాల్లో ఒక్క దగ్గు వినపడలేదు.

పక్క సీటులో ఒక ముసలామె, ఎవరో నాకు తెలియదు, గట్టిగా నా చెయ్యి పట్టుకుంది. "మా కాలంలో ఇట్లా చూపిచ్చింటే నన్ను ఇంట్లోంచి ఎళ్లగొట్టింటారా తల్లీ? ఆ మొగోనికి ఇంకా ఇద్దరిని కట్టినారు. యాడ పుట్టె బిడ్డ?" అంది. ఆ చీకట్లో ఆమె ముఖం కూడా నాకు సరిగా కనిపించలేదు. ఇటు తిరిగితే మీ బావ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏమైందని అడిగితే, "ఏసీ గాలి కండ్లకు కొడతాండాదిలే" అన్నాడు.

చివర్లో డైరెక్టరుకు భయం వేసినట్టుంది. ఒక్క పాట అయ్యేసరికి ఆమెకు నెల తప్పింది. నాకు నవ్వొచ్చింది. పిల్లలు కలగడానికి వేరే దారులున్నాయని చూపించడానికి ధైర్యం చాలలేదు పాపం. అయినా ఆ నేల మీద కూర్చున్న మనిషి నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఉగాదికి వచ్చినప్పుడు పరీక్ష చేయించుకోరా అంటే ఏమన్నావు? "నాకేమైతాదక్కా? గుండ్రాయి మాదిరి ఉండా. సుమ్నే ఊరకుండు నువ్వు" అని మీసం దువ్వావు. ఏడేళ్లుగా సూదులు పొడిపించుకుంటున్న మనోజ్ఞ, వంటింట్లో పళ్లేలు కడుగుతూ ఆ మాట విన్నది. ఆమె రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని చదివాను. అన్నీ బాగున్నాయి. చూడవలసింది ఇక నిన్నే. అమ్మ దేశనూరు వెళ్లకముందే వెళ్లి చూపించుకో.

నీ మేలు కోరే అక్క,
ప్రమీల

తా.క. పై ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "సగమే రాసినావు. మిగిలింది కూడా రాయి, వాడు మనోడే గదా" అన్నాడు. రాస్తున్నాను. 2005లో ఊరంతా నన్ను గొడ్రాలని అంటున్నప్పుడు, ఎవరూ చెప్పకుండానే ఆయన ఒక్కడే బళ్లారి బస్సెక్కి పరీక్ష చేయించుకుని వచ్చాడు. లోపం ఆయనలోనే ఉంది. పేరు కూడా తెలియని ఒక దాత వల్ల, బెంగళూరు ఆసుపత్రిలో చంద్రిక నా కడుపున పడింది. మొదటి స్కానింగులో మినపగింజంత వెలుగు టపటపా కొట్టుకుంటుంటే, ఆయన లేచి నిలబడి దానికి దండం పెట్టి, "నా బిడ్డ" అన్నాడు. చంద్రికకు పోయినేడాదే చెప్పాం. అంతా విని, "సరే నాయినా, స్కూటీ తాళం యాడ పెట్టినావు?" అని అడిగింది. దాని నడక అచ్చం బావదే అని నువ్వే అంటుంటావు. నిజమే, ఆయన వేలు పట్టుకునే నేర్చుకుంది.

సోమవారం పొద్దున ఏడు గంటలకు ఆయన మీ ఇంటి ముందు ఉంటాడు. నీకు చెప్పమన్న మాట ఇది: "నేను పరీక్షకు పోయిన నాడు బయట బెంచీ మీద నాకోసరం ఎవురూ లేరు. వానికి నేను కూకోనుంటా."